రెండో అంకె

గవ్వలపేట పడవల్లో ఇప్పుడు సముద్రంకేసి చూసేవాళ్ళు లేరు. అందరి చూపూ అలపలక మీదే. అలను చదివి, సమీకరణం కట్టి, అది ఎంత వేగంతో ఎటు పోతోందో పలక చెబుతుంది. పడవ ఆ అల వీపెక్కి చుక్క నూనె కాల్చకుండా సాగిపోతుంది. దాన్ని తయారుచేసిన పోలేశ్వరి ఆ పేట పిల్లే కావడంతో అందరికీ దానిమీద గురి మరీ ఎక్కువ. పలక చెప్పిందంటే వేదమే.

ఆ ఉదయం ఆమె రేవుగదిలో ఉండగా వైర్‌లెస్ యంత్రంలోంచి దానయ్య మామ గొంతు వినిపించింది.

“అమ్మీ, నీ తమ్ముడు ఎల్లాజీ నీళ్ళల్లో పడిపోనాడే! పడవెనక అమరంకాడ వల సర్దుతన్నాడు, మాం సూసుకోనేదు. గంటయిపోనాది.”

“పడ్డకాడికి ఎల్లారా మావా?”

“అక్కడింకేటుంటాది? అల గంటకి నలభై అయిదు కిలోమీటర్లు పోతందని నీ పలకే సెప్తంది. అంత ముందుకొచ్చి ఎతుకుతన్నాం. పడవలన్నీ ఇక్కడే ఉన్నాయి.”

పోలేశ్వరి గదిలోని పలకకేసి తిరిగింది. సమీకరణం ఆమె కళ్ళముందే ఉంది. అల ఎత్తు ఒకటిన్నర మీటర్లు. కాలం పక్కన గుణకం 0.8, దూరం పక్కన 0.064. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే అల వేగం, సెకనుకు పన్నెండున్నర మీటర్లు. కానీ అలా పరుగెత్తేది అల ఆకారమే. ఎత్తును 0.8తో గుణిస్తే నీటికణం వేగం, మహా అయితే మీటరూ ఇరవై సెంటీమీటర్లు. అదీ ఉన్నచోటే ఊగడం. మొదట్లో పలకమీద ఈ రెండు వేగాల అంకెలూ ఉండేవి. తికమకగా ఉందని పేటవాళ్ళు గొణిగితే రెండోదాన్ని ఆమే తీసేసింది. అంత చదువూ ఏ గంగలో కలిసిందో!

“మావా, అల పోద్దిగానీ నీళ్ళు పోవు! ఇయ్యాల గాలీ లేదు, ఒరవడీ లేదు. ఆడు పడ్డకాడే ఉంటాడు. ఎనక్కి రండి!”

అవతల దానయ్య పడవలన్నిటినీ వెనక్కి తిప్పమని కేకేశాడు. ఒకప్పుడు మనిషి పడిపోతే ఒక పడవ అక్కడే లంగరు దించి కదలకుండా ఉండేది. పలకలొచ్చాక అది ముసలాళ్ళ చాదస్తమని నవ్వినవాళ్ళలో దానయ్య కూడా ఉన్నాడు.

అలలకు ఎదురీది రావడానికి మూడు గంటలు పట్టింది. ఎల్లాజీ పడ్డచోటుకు నూరు గజాల లోపే దొరికాడు. వలను తేల్చే బెండు చంకలోనే ఉంది. ప్రాణం పోయింది గానీ ఒళ్ళింకా బిగుసుకోలేదు.

ఒడ్డున తల్లి అప్పలనరస కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని అడిగింది. “ఎంత దూరం కొట్టుకుపోనాడే నా బిడ్డ?”

“ఎక్కడికీ పోనేదమ్మా. పడ్డకాడే ఉన్నాడు.”

“మరెందుకు దొరకనేదే?”

“నాను అంకె తీసీసానమ్మా. రెండో అంకె... నానే తీసీసాను.”

తల్లికి ఏమీ అర్థం కాలేదు. ఉన్న ఒక్క కూతురికీ మతి చలించిందేమోనని భయపడి, కొడుకుమీది చెయ్యి తీసి కూతురి నుదుటిమీద పెట్టింది.