ఊక బూడిద ఊరుకోదు

అక్క కాఫీలో విషం కలిపినవాడు ఆమె పోయాక కప్పు కడిగి, తుడిచి, బోర్లించి మరీ వెళ్లాడు. అంత శుభ్రత కెమిస్టులకే ఉంటుంది. అక్క మొగుడు కెమిస్టే.

“బావను నాకొదిలేయండి,” అన్నాడు ఏజెంట్ జిడ్డు. పట్టుకుంటే వదలడని డిపార్టుమెంటు పెట్టిన పేరది.

“ప్రాణాలతో కావాలి. వేలిముద్రలు దొరకలేదు. వాడే నోటితో ఒప్పుకోవాలి,” అన్నాడు చీఫ్.

బ్రీఫింగ్ రెండు నిమిషాలు. మిల్లులు పారేసే ఊకను కాల్చి, ఆ బూడిదను యాసిడ్‌తో కడిగి ఆరబెట్టి, వేడి ముడి వంటనూనెలో కలిపి వడకడితే నూనె తేటపడుతుంది. అక్క కనిపెట్టింది ఇదే. నూనెను తేటపరిచే బ్లీచింగ్ మట్టి అమ్ముకు బతికే విదేశీ ముఠాకు ఇది గొంతులో వెలక్కాయ. సాయంత్రం నాలుగింటికి బావ డెమో చూపించి, ఫార్ములా తనదేనని సంతకం పెడతాడు. ముఠా దాన్ని కొని పాతరేస్తుంది.

“లోపల మనమ్మాయి ఉంది. ముఠా సెక్రటరీ. సిల్క్ అంటారు.”

“మనమ్మాయా, వాళ్లమ్మాయా?”

“సోమ, బుధ, శుక్రవారాలు మనమ్మాయే.”

ఆ రోజు గురువారం.

రిఫైనరీలో వడపోత గుడ్డలు ఉతికేవాడి వేషం. పెట్టుడు గడ్డం, నూనె కారే చొక్కా, చొక్కా గుండీలో మైకు. మెట్ల దగ్గర ఎర్ర చీరలో సిల్క్ నిలబడి ఉంది.

“ఇవాళ ఉపన్యాసం ఎలా ఉంటుందో?” కోడ్‌వర్డ్ వదిలింది.

“ఊకదంపుడే.” జిడ్డు చిన్న డబ్బా అందించాడు. “డెమో చూపించే ఆయన బూడిద డబ్బా తీసేసి ఇది పెట్టు.”

“ఏముందిందులో?”

“తొక్కలో బూడిద.”

“కాస్త మర్యాదగా మాట్లాడు.”

“అరటి తొక్కలదమ్మా. అంతా క్షారం. ముడినూనెలో ఆమ్లం ఉంటుంది. వేడి మీద రెండూ కలిస్తే సబ్బే.”

ఆమె నవ్వింది. మారుస్తాననలేదు, మార్చననలేదు.

నాలుగైంది. హాల్లో పెద్ద గాజుపాత్ర, అందులో కాగుతున్న నూనె. బల్లకు అటు ముఠా నాయకుడు, ఇటు కలం పట్టుకుని బావ. తలుపు పక్కన జిడ్డు, చేతిలో తడిగుడ్డ, గుడ్డ కింద పిస్తోలు. నూనె తేటపడిందా, చీఫ్ మాట గాలికి, గుండు బావ గుండెకి.

“ఇరవై ఏళ్ల నా కష్టమండీ ఇది,” అంటూ బావ బూడిద వంపి, కాగితం ముందుకు లాక్కున్నాడు. పాళీ కాగితానికి ఆనింది.

నూనె గురగురమంది. నురగ లేచింది, అంచు దాటింది, సంతకం కాగితం మీదికి పొంగింది.

“నకిలీ సరుకు తెచ్చావా? దారిలో ఎవడో మార్చి ఉంటాడు,” అన్నాడు నాయకుడు.

“ఎలా మారుస్తారండీ?” బావకు రోషమొచ్చింది. “నా పెళ్లాం నేను కలిపిచ్చిన కాఫీ తాగి ప్రాణం పోయేదాకా పక్కనే కూర్చుని, నా చేత్తో తీసుకొచ్చిన డబ్బా.”

జిడ్డు గడ్డం ఊడబీకాడు. బయట కాచుకున్న మనవాళ్లు నాయకుణ్ణి పట్టుకున్నారు.

“బాగా చెప్పారు బావగారూ. గుండీ మొత్తం వింది.”

మెడ పట్టి, నురగ సెగ తగిలేదాకా బావ ముఖం వంచాడు. ఇంకో అంగుళం వంచమని చెయ్యి గుంజింది. అక్క చేసిన పని లోకం చూడాలంటే వీడు కోర్టు దాకా బతకాలి. లేపాడు.

సిల్క్ అసలు డబ్బా తెచ్చిచ్చింది. బేడీలేసిన బావను ఎదురుగా కూర్చోబెట్టి, జిడ్డు కొత్త నూనె కాచి, ఊక బూడిద కలిపి, వడకట్టాడు. సీసాకు ఈవల నుంచి చూస్తే ఆవల బావ ముఖంలో చెమట బొట్లు లెక్కపెట్టొచ్చు.

“ఇదండీ అక్క సంతకం. మీరేం దిగులు పడకండి బావగారూ. జైల్లో సబ్బుల విభాగం ఉంది, అనుభవం ఉన్నవాళ్లు కావాలట.”