మేడ కిటికీలో లోహిత

తిరుపతిలో రూము దొరక్క బస్టాండులో దుప్పటి పరుచుకునే జనం ఎంతమందో! అట్లాంటి ఊళ్ళో, నడిబజారులో, రెండంతస్తుల లాడ్జి ఒకటి ఉండాది. ఊరికే ఇస్తామన్నా అందులో ఎవురూ దిగరంటే... దానికెంత మంచి పేరుందో మీరే అనుకోండి.

చంద్రకాంత లాడ్జి. మూతపడి శానా ఏండ్లయింది.

మేడ మీద ఆడమనిషి తిరుగుతాదని ఒకరు, ఏడుస్తాదని ఒకరు, కాదు నవ్వుతాదని ఇంకొకరు. పాపం, ఉండేది ఒక్క దెయ్యం. ఇంతమంది చెప్పే పనులన్నీ అదొక్కటే చేసుకోవాల. అందరూ ఒప్పుకునే మాట మాత్రం ఒక్కటే—

అది పిలుస్తాది. పిలిస్తే పోకూడదు.

మురుగేష్ సగం, వాని స్నేహితుడు మునికుమార్ సగం చెప్పగా విన్న కథ ఇది. ఆ ఇద్దరూ దేంట్లోనూ ఒక మాట మీద నిలబడినోళ్ళు కాదు. దీంట్లో నిలబడినారు.

ఈ ఎండాకాలం ఆ లాడ్జి ముందర వీధిలోనే పెట్టినారు పాటకచేరి. ఆదివారం సాయంత్రం బండ్లన్నీ ఆపేసి, వీధికి అడ్డంగా స్టేజి కట్టి, మనిషెత్తు స్పీకర్లు నిలబెట్టినారు. టికెట్టు లేదు, ఊరికే. ఊరికే అనేసరికి వడమాలపేట నుంచి గూడా పిల్లాజెల్లాతో దిగిపోయినారు జనం. మజ్జిగ గూడా ఊరికే పోస్తారని ఎవురో పుణ్యాత్ముడు పుకారు లేపినాడు. ఇంకేముంది, పాట వినేవాళ్ళ కంటే మజ్జిగ యాడని తిరిగేవాళ్ళే ఎక్కువైపోయినారు.

మురుగేష్ నగరి నుంచి వచ్చినాడు. మజ్జిగ కోసం కాదు, లోహిత కోసం.

వాడూ, లోహితా ఒకే షెడ్డులో మరమగ్గాలు నడిపినోళ్ళు. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆడతా ఉంటే పక్కనోడు గొంతు చించుకున్నా వినపడదు. అందుకే షెడ్డులో మాటలన్నీ చేతుల్తోనే. లేదంటే పెదాలు కదిలినా చాలు, మాట అందిపోతాది. రెండు వేళ్ళు ఆనించి, ఠక్కున విడదీసి, అరచెయ్యి ఊపితే— ‘పోగు తెగింది, రా’ అని. ఆ సైగ కనపడితే ముందర అన్నం గిన్నె ఉన్నా లేసి పోవాల్సిందే. బుద్ధి ఆలోచించే లోపల కాళ్ళు పోతాయి.

ఆ మోతలోనే, చేతుల్తోనే, మురుగేష్ తన మనసంతా చెప్పేసినాడు. లోహిత నవ్వింది. అంతే. అవుననలేదు, కాదనలేదు. ఆనెక తిరుపతిలో చీరల అంగట్లో పనికి వచ్చేసింది. మొన్న ఫోను చేసి అన్నది కదా:

"ఆదివారం కచేరికి రా. అవునో కాదో ఆడ సెప్తా. రాకపోతే సోమవారం రేణిగుంట నుంచి పెండ్లిచూపులకొస్తా ఉండారు, వాళ్ళకే సెప్పేస్తా."

ఇంత ప్రేమగా పిలిస్తే ఎవురాగుతారు? ఇస్త్రీ చొక్కా నలగకుండా బస్సులో నగరి నుంచి నిలబడే వచ్చినాడు మహానుభావుడు.

వచ్చినాడు గానీ ఆమె యాడ? ఫోను ఎత్తదు. ఎత్తినా ఆ డప్పుల్లో ఏం వినపడతాది? జనంలో తోసుకోని తోసుకోని, చెమటకి చొక్కా ఇస్త్రీ కాస్తా పోయినాక... తల పైకెత్తినాడు.

చంద్రకాంత లాడ్జి. మేడ మీద కిటికీ.

స్టేజి లైట్లు ఎర్రగా ఒకసారి, నీలంగా ఒకసారి గోడ మీద తిరగతా ఉండాయి. నీలం వెలుగులో రెండు చేతులు కనపడినాయి.

రెండు వేళ్ళు ఆనినాయి... ఠక్కున విడిపోయినాయి... అరచెయ్యి ఊగింది.

"సూడు! లోహిత!" ఎంట వచ్చిన మునికుమార్ చెవిలో మురుగేష్ అరిచినాడు.

మునికుమార్ అప్పుడే ఎట్లనో ఒక గ్లాసు మజ్జిగ సంపాదించి ఉండాడు. అది నోటి దాకా పోయి నిలిచిపోయింది.

"అబ్బా... ఆ లాడ్జిలోకి పట్టపగలు పిల్లి గూడా పోదురా. ఆ పిల్ల ఎందుకు పోతాది?"

"నలుగురిలో సెప్పేదానికి సిగ్గుపడింటాది. మా షెడ్డు సైగ ఈ ఊళ్ళో ఇంకెవురికి తెలుసప్పా?"

"మొగం కనపడిందా?"

మొగం కనపడలేదు. ప్రేమించినోనికి మొగంతో ఏం పనిలే!

మునికుమార్‌ను వీధిలోనే వదిలిపెట్టి పోయి తలుపు తోసినాడు. తెరుచుకునింది. మెట్లెక్కతా ఉంటే డప్పులు దూరమైనాయి... ఇంకా దూరమైనాయి... బయట ఊరంతా ఎగరతా ఉంటే, లోపల తన ఊపిరి తనకే వినపడతా ఉండాది. భయమా? ఛ. భయమేంటికి! రెండేసి మెట్లు ఒకేసారి ఎక్కింది ప్రేమతోనే.

మేడ మీద గది. మంచం లేదు, కుర్చీ లేదు. అరంగుళం దుమ్ము.

"లోహితా..."

ఎవురూ లేరు. సెల్‌ఫోన్ లైటేసి వెనక్కి తిరిగి చూసినాడు. దుమ్ములో అడుగులుండాయి, గుమ్మం నుంచి తాను నిలబడిన చోటు దాకా. అన్నీ తనవే.

కిటికీ దగ్గరికి ఎట్ల పోయినాడో వానికే తెల్లేదంట. గాలి కోసం తల బయటికి పెట్టి కిందికి చూసినాడు...

చెరుకురసం బండి పక్కన, పసుపు చుడీదారు, మల్లెపూలు. లోహిత! తల ఎత్తి ఈ పక్కే చూస్తా ఉండాది.

ప్రాణం లేచొచ్చింది. రెండు చేతులూ ఊపినాడు. ఆమె గూడా చూసింది, నవ్వింది. చెయ్యి మెల్లగా గుండె మీదికి పోతా ఉండాది. షెడ్డులో ‘సరే’ అనేదానికి అదే సైగ. ఇంకో జానెడు... ఇంకో బెత్తెడు...

చెయ్యి ఆగిపోయింది. నవ్వూ ఆగిపోయింది.

పెదాలు కదిలినాయి. ‘పక్కన ఎవురు?’

మురుగేష్ పక్కకు చూసినాడు. చీకటి. ‘ఎవురూ లేరు’ అని చేతులు తిప్పినాడు.

లోహిత నడుము మీద చేతులు పెట్టుకునింది. ‘నాకేం కండ్లు పోయినాయా? గళ్ళచీర. అట్లాంటి అంచు మా అవ్వ కాలంలో నేసేవాళ్ళు. ఎవురామె?’

‘దేవుని మీద ఒట్టు! ఎవురూ లేరు!’

కింద కొత్త పాట మొదలైంది. జనం ఈలలేసినారు. ఆ మోతలో లోహిత పెదాలు మాత్రం ఒక్కో మాటా విడదీసి, వానికి బాగా తెలిసేటట్టు కదిలినాయి:

‘ముందు నీ భుజం మీద నుంచి ఆమెను చెయ్యి తియ్యమను. ఆనెక సెప్తా, అవునో కాదో.’

కుడి భుజమా, ఎడమ భుజమా అని మురుగేష్ అడగాల్సిన పని రాలేదు.