రెండు గంటల రౌండు

శనివారం ఉదయం అత్తగారు ఫ్రిజ్ తలుపు తీసి, కూరగాయల అరలో నల్ల బూటు కనబడగానే తలుపు మూసేసింది. కళ్ళు నులుముకుని మళ్ళీ తీసింది. బూటు అక్కడే ఉంది.

"అమ్మాయ్, నీ బూటు ఫ్రిజ్‌లో ఉందేమిటే?"

"అయితే క్యారెట్లు చెప్పుల స్టాండులో ఉంటాయి, చూడండి అత్తయ్యా," అంది కోడలు, పాపను భుజాన వేసుకుని నిలబడే కునికిపాట్లు పడుతూ.

నిజంగానే అక్కడే ఉన్నాయి.

మూడు వారాలుగా ఆ ఇంట్లో ఇదే వరస. కోడలు బస్సు డ్రైవరు. డిపోలో తెల్లవారుజామున ఐదింటికి కదిలే మొదటి బస్సు ఆమెది. పాప పుట్టినప్పుడు స్టీరింగు వదిలింది. పాపకు తొమ్మిది నెలలు నిండాయి, సెలవు ఆదివారంతో సరి. డ్యూటీకి వెళ్ళడం ఆమెకు బాధ కాదు. బస్సంటే ప్రాణం. ఖాళీ రోడ్డు మీద మొదటి గేరు వేసేటప్పుడు తన అంత గొప్ప మనిషి ఊళ్ళో లేదనిపిస్తుందని ఒకసారి భర్తతో సిగ్గుపడుతూ చెప్పుకుంది కూడా.

బాధల్లా పాప రాత్రి రెండింటికి లేవడం. లేచి పాలు తాగి బుద్ధిగా పడుకుంటుందా? మూడున్నర దాకా కాళ్ళు గాల్లో ఆడిస్తూ కబుర్లు చెబుతుంది. నాలుగింటికి లేచి డ్యూటీకి పోవాల్సిన మనిషి ఇంకెప్పుడు పడుకుంటుంది? నిద్రలేని కళ్ళతో యాభై మందిని ఎక్కించుకుని వంతెన దాటడం తన వల్ల కాదని ఆమెకు తెలుసు. సాయంత్రం ఐదులోపు డిపో మేనేజరుకు ఫోన్ చేసి చెప్పాలి: సోమవారం బస్సు తీస్తుందా, లేక విచారణ కౌంటరులో కూర్చుంటుందా? ఒకసారి కౌంటరులో కూర్చుంటే మొదటి బస్సు ఇంకొకరిదైపోతుంది. మళ్ళీ చేతికి రావడం కల్ల.

"క్లినిక్‌కి వెళ్దాం పద. పట్టిక కూడా తెస్తా," అన్నాడు భర్త. ఆయన బడిలో లెక్కల మాస్టారు. ఏ కష్టం వచ్చినా ముందు గళ్ళు గీస్తాడు. పాప ఎన్నింటికి తాగింది, ఎంతసేపు తాగింది, ఎన్నింటికి పడుకుంది, అన్నీ మూడు రంగుల పెన్నులతో రాసి ఫ్రిజ్ మీద అంటించాడు.

క్లినిక్‌లో నర్సు పెద్దావిడ. పాపను తూచింది, బుగ్గ గిల్లింది, బరువు చూసి తల ఊపింది.

"బ్రహ్మాండంగా ఉంది. పగలు పాలు తాగుతోంది, జావ తింటోంది. ఇక దీనికి రాత్రి ఆకలేసే పని లేదమ్మా. ఈ వయసుకి చాలామంది వాళ్ళంతట వాళ్ళే మానేస్తారు. కదలగానే ఎత్తుకోకు. కాసేపు ఆగు, వీపు నిమురు. కొందరు వారంలో మానతారు, కొందరు నెల తీసుకుంటారు. బెంగ పెట్టుకోకు." అంతలో ఆవిడ కన్ను పట్టిక మీద పడింది. కళ్ళజోడు సవరించుకుంది. "ఇదేమిటి, రెండూ ఐదు, రెండూ ఐదు, రెండూ ఏడు, మళ్ళీ రెండూ ఐదు... పసిపిల్లలకి ఆకలి ఇంత గడియారం చూసుకుని వేయదే! మీ ఇంట్లో రెండింటికి ఏం జరుగుతుంది?"

ఏం జరుగుతుంది? అందరూ నిద్రపోతారు. అదే చెప్పి వచ్చేశారు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. ఊళ్ళోవాళ్ళకి బట్టలు కుట్టడం ఆవిడ పని. మామగారు కిటికీ దగ్గర కుర్చీలో టీ తాగుతున్నారు. ఆయన సరుకుల గోడౌనులో ముప్పై ఏళ్ళు రాత్రి కాపలా కాసి, రెండేళ్ళ కిందట రిటైరయ్యారు. మాట తక్కువ మనిషి. నడిస్తే అడుగు చప్పుడు కూడా వినిపించదు.

"ఏమందే నర్సు?"

"కదలగానే ఎత్తుకోవద్దంది అత్తయ్యా."

"నేను మొత్తుకుంటున్నది అదేగా! నువ్వు వింటేనా? చీమ చిటుక్కుమంటే పిల్ల నోటికి పాలు అందిస్తావు. అది మాత్రం ఎందుకు మానుతుంది?"

నిద్ర చాలని మనిషితో అనకూడని మాట అది. కోడలికి కోపం నషాళానికి అంటింది.

"మీరేమో పగలంతా మిషను పక్కన జోకొట్టి పడుకోబెడతారు! ఆ టకటకలకి మూడు గంటలు నిద్రపోతుంది. ఇక రాత్రి ఆడుకోక ఏం చేస్తుంది? నా ఉద్యోగం పోతే మీకేం!"

మిషను ఆగిపోయింది. అత్తగారు సూదికింద నుంచి గుడ్డ తీసి, మడిచి, ఒళ్ళో పెట్టుకుంది.

"నీ ఉద్యోగం పోవాలని నేను కోరుకుంటానా?" అంది. "మా కోడలు బస్సు తోలుతుందని కొలతలు ఇవ్వడానికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకునేదాన్ని."

కోడలు నాలుక కరుచుకుంది. అన్న మాట వెనక్కి రాదు కదా. భర్త ఇద్దరి మధ్యా పట్టిక పట్టుకుని, ఏ వైపు తిరిగినా ముప్పే అన్నట్టు నిలబడ్డాడు. ఎటూ చూడలేక పట్టికలోకి చూశాడు. చూసి, "ఆగండాగండి," అన్నాడు. "మంగళవారం గడి ఖాళీగా ఉంది."

"నువ్వే రాయడం మర్చిపోయుంటావు," అంది కోడలు.

"నేనా? మర్చిపోవడమా?" ఆయన ఆత్మాభిమానం దెబ్బతింది. "మంగళవారం రాత్రి పాప లేవనేలేదు. ఆ రోజు మనం ఏం చేశాం? ఏం పెట్టాం?"

"రోజూ పెట్టేదే. ఇంట్లో ఉన్నదే ముగ్గురం," అంది అత్తగారు ముక్కు తుడుచుకుంటూ. "మోకాలి పరీక్షకని మీ నాన్న మీ అత్త ఇంట్లో పడుకున్నారు..."

ఆవిడ మాట సగంలో ఆగిపోయింది. ముగ్గురూ ఒక్కసారే కిటికీ వైపు తిరిగారు.

మామగారు టీ కప్పు కింద పెట్టారు. ముప్పై ఏళ్ళలో ఒక్క దొంగకీ భయపడని మనిషి, ఇప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నారు.

"రెండింటికి రౌండు," అన్నారు మెల్లగా. "డ్యూటీలో అలవాటు. ఆ టైముకి మెలకువ దానంతటదే వచ్చేస్తుంది. వీధి తలుపు, గ్యాసు, కిటికీలు చూస్తాను. చివరికి పాప దగ్గరికి వెళ్తాను." మూడు వారాల కిందటే పాప మంచం హాల్లోకి, కొడుకు గది గుమ్మం పక్కకి మార్చారు. "దుప్పటి తొలగిందేమోనని కాలు ముట్టుకుని చూస్తాను. అంతే."

"అంతేనా!" అంది కోడలు. చెడిన మూడు వారాల నిద్ర కళ్ళముందు తిరిగింది. ఫ్రిజ్‌లో బూటు తిరిగింది. "మామయ్యా, మీ చేతులు చల్లగా మంచుముక్కల్లా ఉంటాయి!"

"తప్పే తల్లీ." ఆయన తల ఎత్తలేదు. "వీడు పుట్టినప్పుడు నాకు వరసగా రాత్రి డ్యూటీలే. రాత్రి పాలు ఎప్పుడు మానాడో, ఎటు తిరిగి పడుకునేవాడో నాకు తెలియదు. ఎవరెవరి సరుకుకో కాపలా కాశాను గానీ, నా పిల్లాడు నిద్రపోతుంటే ఒక్క రాత్రి చూసుకోలేదు. ఈ పాపనైనా చూసుకుందామని..."

లెక్కల మాస్టారు పట్టిక మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. అత్తగారు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోడలికైతే కోపం ఎటు పోయిందో కూడా తెలియలేదు. పాపను తెచ్చి మామగారి ఒళ్ళో కూర్చోబెట్టింది. అది ఆయన మీసం పట్టుకుని బస్సు గేరు మార్చినట్టు లాగింది.

"అత్తయ్యా, నన్ను క్షమించండి. నిద్ర లేక నోరు జారాను."

"పోవే! ఈయన చేసిన ఘనకార్యానికి మనిద్దరం కొట్టుకు చచ్చాం," అంది అత్తగారు, ఏడుస్తూనే నవ్వేసి.

"మామయ్యా, ఇవాళ్టి నుంచి రెండింటి రౌండు రద్దు," అంది కోడలు. "కొత్త డ్యూటీ. పావు తక్కువ నాలుగుకి నన్ను లేపి టీ ఇవ్వాలి. ఒప్పుకుంటారా?"

ఆయన వెన్ను నిటారుగా అయింది. "ఒక్క నిమిషం ఆలస్యం అవదు."

నాలుగున్నరకు ఆమె మేనేజరుకు ఫోన్ చేసింది. ఒకటే మాట చెప్పింది. "బస్సే తీస్తానండీ."

ఆ రాత్రి రెండింటికి ఇల్లంతా నిశ్శబ్దం. కోడలికి ఎవరూ పిలవకుండానే మెలకువ వచ్చేసింది. రొమ్ములు బరువెక్కాయి. గుండె కూడా. గబుక్కున హాల్లోకి వచ్చి చూస్తే, మంచానికి నాలుగడుగుల దూరంలో మామగారు కుర్చీలో కూర్చుని, చేతులు రెండూ చంకల్లో దోపుకుని ఉన్నారు.

"ముట్టుకోలేదు," అన్నారు గుసగుసగా, దొరికిపోయినవాడిలా.

పాప కదిలింది. మూలిగింది. కోడలి చేయి ముందుకు వెళ్ళింది. మామగారు తల అడ్డంగా ఊపారు. ఆయన కుర్చీలోంచి లేవబోతే ఈసారి ఆమె తల అడ్డంగా ఊపింది. పాప నిద్రలోనే పెదాలు చప్పరించి, పెద్ద నిట్టూర్పు విడిచి, గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాప ఎప్పుడో మానేసింది. మానలేకపోతున్నది తామిద్దరే.

"ఇక రాత్రుళ్ళు నాతో పని లేదన్నమాట దీనికి," అంది కోడలు. కళ్ళనుంచి నీళ్ళు జలజలా రాలాయి. అది సంతోషమో బెంగో ఆమెకే తెలియలేదు.

"పొద్దున్న ఉంటుందిలే తల్లీ. పోయి పడుకో."

సోమవారం పావు తక్కువ నాలుగుకి తలుపు మీద రెండు చిన్న దెబ్బలు, వేడి టీ. ఐదింటికి మొదటి బస్సు ఆమె చేతుల్లో వంతెన ఎక్కింది. కళ్ళు తేటగా ఉన్నాయి, రోడ్డు ఖాళీగా ఉంది. ఆ వేళ ఊళ్ళో ఆమె అంత గొప్ప మనిషి లేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, యూనిఫాం మార్చుకోకుండానే పాపను ఒళ్ళో వేసుకుంది. అది ఆవురావురుమని తాగుతుంటే తల ఎత్తి ఫ్రిజ్ వైపు చూసింది. మళ్ళీ అంటించిన పట్టికలో సోమవారం రెండు గంటల గడిలో కాపలా రిజిస్టరులో రాసినట్టు గుండ్రటి అక్షరాలు కనబడ్డాయి. మామగారి చేతిరాత.

"రెండు గంటలు: ఏం జరిగిందో తెలియదు. నేనూ నిద్రపోయాను."

కోడలు పకపకా నవ్వింది. అమ్మ ఎందుకు నవ్వుతోందో చూద్దామని పాప పాలు వదిలేసి తల తిప్పింది.