నీళ్ళు పట్టిన స్తంభం

మైపాడు రోడ్డులో రొయ్యల గుంటలు దాటినాక ఒక తెల్లమేడ ఉంది. పొద్దుగూకితే దాని ముందర ఎవరూ బండి ఆపరు. ఇంకా కాపురం పెట్టని ఇల్లు... అప్పుడే మూలుగుతుందంట!

కాపలాకున్న చిన్నపోలయ్య కొన్నాళ్ళు ఓర్చుకున్నాడు. ఒకనాడు చాప చంకన పెట్టుకుని టీ అంగడి కాడికి వచ్చేసినాడు.

"వరండాలో ఎవరో ఉండారబ్బా... కనపడరు. మూలుగు మాత్రం వినపడతది."

ఆ మాట చెవిన పడినప్పటినించీ ఆఫ్తాబ్‌కి నిద్ర లేదు. ఆ వరండా స్తంభాలు, వాటి మీది తామరపూలు ఇందుకూరుపేటలో అతని షెడ్డులో తయారైనవే. రాతిపొడి, తెల్లసిమెంటు కలిపి అచ్చుల్లో పోస్తే అచ్చం చెక్కిన రాయిలా ఉంటాయి. పోసింది మాత్రం అతని తమ్ముడు తహీర్. వాటిని నిలబెట్టిన కొన్నాళ్ళకే జ్వరమొచ్చి పోయినాడు. పెళ్ళి కూడా కాలేదు.

సముద్రంలో పడి పోయినామె ఎవరో ఆ ఇంట్లో తిరుగుతోందని ఊళ్ళో అనుకున్నారు. ఆఫ్తాబ్‌కి మాత్రం ఒకటే అనుమానం... తహీరేనేమో!

ఇంటాయన హెబ్రోను ఫోను చేసినాడు.

"ఆఫ్తాబ్ భాయ్, మా ఇంటామె అబిగయీలుకి నెలలు నిండుతుండాయి. బిట్రగుంటలో అద్దిల్లు ఖాళీ చెయ్యమంటుండారు. ఈ ఇంట్లో దెయ్యమని తెలిస్తే ఆమె గడప తొక్కదు. ఒకసారి చూడు."

ఆ రాత్రే ఆఫ్తాబ్ ఆ ఇంటికి పోయినాడు. వరండాలో ఒక్కడే కూచున్నాడు. ముందు సముద్రం గాలి వీచింది. ఏమీ లేదు. ఆ గాలి పడిపోయింది. పడమటి గాలి తిరిగింది—

ఊఁ... ఊఁ...

మెడ మీద వెంట్రుకలు లేచినాయి.

"తహీర్?" గుసగుసగా పిలిచినాడు.

మూలుగు ఆగింది. ఆఫ్తాబ్ ఊపిరి బిగబట్టినాడు. మళ్ళీ— ఊఁ...

పారిపోలేదు. చీకట్లో తడుముకుంటూ ఒక్కో స్తంభానికీ చెవి ఆనించినాడు. మూలనున్న స్తంభం... లోపల వణుకుతోంది! పనివాళ్ళు వదిలేసిన నిచ్చెన వేసి, ఫోను లైటుతో పైకెక్కినాడు. తామరపువ్వు కింద అతుకు విడిపోయింది. వేలు దూరేంత సందు. బరువు తగ్గాలని లోపల బోలుగా పోసిన స్తంభమాయె. ఖాళీ సీసా మూతి మీద ఊదినట్టు, గాలి ఆ సందు మీదుగా పోతోంది.

అరచెయ్యి అడ్డం పెట్టినాడు. మూలుగు లేదు. తీసినాడు. ఊఁ...

గాలి. వట్టి గాలి!

నవ్వాల్సిన మనిషికి ఏడుపొచ్చింది. నిచ్చెన మీదే, స్తంభాన్ని కావలించుకుని ఏడ్చినాడు. అప్పుడు తెలిసింది అతనికి... తాను వచ్చింది దెయ్యాన్ని వెళ్ళగొట్టడానికి కాదని.

తెల్లారి సందులో సిమెంటు మాలు కూరి, తడి గోనె చుట్టినాడు. "మాలు గట్టిపడేదాకా రోజూ వచ్చి నీళ్ళు పడతా" అని హెబ్రోనుకి మాటిచ్చినాడు. వాళ్ళు వెంటనే సామాన్లు దించుకున్నారు.

మాటైతే ఇచ్చినాడు గానీ ఆ వరండా ఎక్కను మనసొప్పలేదు. ఇవాళ, రేపు అంటూ వారం దాటించినాడు. మాలు ఎండకి నెర్రెలిచ్చి ఉంటుంది, మళ్ళీ మూలుగు మొదలై ఉంటుంది అనుకుంటూ, ఒకనాడు పొద్దున్నే తలొంచుకుని ఆ ఇంటికి పోయినాడు.

నిచ్చెనెక్కి గోనె ముట్టుకున్నాడు. తడి! నీళ్ళు కారుతున్నాయి. లోపల మాలు గోరు దిగనంత గట్టిగా ఉంది.

అబిగయీలు నడుం పట్టుకుని బయటికొచ్చింది.

"నీళ్ళు మీరు పట్టినారా అమ్మా?"

"ఈ కడుపుతో నేనెక్కడ నిచ్చెనెక్కేది అన్నా? ఆయనకేమో డ్యూటీ. మీ తమ్ముడొస్తుండాడు కదా, రోజూ తెల్లారగట్ల!"

ఆఫ్తాబ్ నిచ్చెన మీదనించే కిందికి వంగి చూసినాడు.

"నా... తమ్ముడా?"

"ఆయనే చెప్పినాడు. టీ పెడతానంటే వద్దన్నాడు. 'మా అన్నకి తొందరెక్కువమ్మా, మాలు పెడతాడు గానీ నీళ్ళు పట్టడు' అని ఒకటే నవ్వు... ఇప్పుడే, మీరు రాకముందే పోయినాడు."

గోనె చివర్నించి నీటిబొట్టు ఒకటి అతని చేతి మీద పడింది. చల్లగా...

ఆఫ్తాబ్ గబగబా నిచ్చెన దిగినాడు. గేటు దాకా పరిగెత్తి, రోడ్డుకి అటూ ఇటూ చూసినాడు.

"ఎటు పోయినాడమ్మా?"