పేరు అడగని వరండా

మా వదిన చదువుకున్న విశ్వవిద్యాలయంలో, ఆరోగ్య కేంద్రం వెనక ఒక వరండా ఉండేది. పగలు దాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. చీకటి పడ్డాక మాత్రం ఆడపిల్లలు అటు అడుగు పెట్టేవారు కాదు. అడ్డదారి అదే అయినా, మైదానమంతా చుట్టి వసతిగృహానికి చేరేవారు.

దానికి అంత చెడ్డపేరు.

అక్కడ దీపం వెలగదు. గోడ వారగా ఒక చెక్కబల్ల. ఆ బల్ల మీద ముఖం లేని ఆడమనిషి కూర్చుని ఉంటుందట. లోపలెక్కడో గంట మోగుతుందట — ఒక్కసారి, సన్నగా. ఆమె లేచి, తలుపు తోసుకుని లోపలికి పోతుందట. ఇక బయటికి రాదు... ఎంతసేపు కాచుకుని చూసినా రాదు. కొన్నాళ్ళకు చీకట్లో మళ్ళీ అదే బల్ల మీద కనిపిస్తుంది.

డాక్టరు కోసం ఎదురుచూస్తూ అక్కడే ప్రాణం విడిచిన విద్యార్థిని అని కొందరనేవారు. తన వంతు ఇంకా రాలేదనుకుంటోందని మరికొందరు.

ఇదంతా నాకు వదిన చెప్పింది. ఎప్పుడు చెప్పినా నవ్వుతూనే మొదలుపెడుతుంది. ముగించేటప్పుడు మాత్రం ముఖం పక్కకు తిప్పుకుంటుంది.

ఆ దెయ్యాన్ని అందరికంటే బాగా అభినయించేది వదిన గదిలోనే ఉండే అమ్మాయి. నోరు మూతపడదు కనుక వసతిగృహమంతా ఆమెను ‘రేడియో’ అని పిలిచేది. దుప్పటి తల మీదుగా కప్పుకుని, మంచం చివర కూర్చుని, మెడ మెల్లగా తిప్పేది.

“అటు పోకండే... పోయినా బల్ల వైపు చూడకండి. చూసినా పలకరించకండి. పలకరించారో — తర్వాతి వంతు మీదే!”

“నువ్వు పలకరిస్తే పాపం దాని వంతే రాదు. తెల్లారిపోతుంది!” అనేవారు ఎవరో.

అందరూ నవ్వేవారు. వదినా నవ్వేది.

అప్పటికే ఆమెను ఒక బాధ పట్టి ఉంది. నలుగురి ముందు లేచి నిలబడితే ఊపిరి అందేది కాదు. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకునేది. బాగా తెలిసిన జవాబు కూడా నాలుక చివర ఆగిపోయేది. ఒకసారి సెమినార్ మధ్యలో కాగితాలు బల్ల మీదే వదిలేసి, బయటికి పరుగెత్తింది. మళ్ళీ నిలబడి మాట్లాడితే తప్ప ఆ ఏడు గట్టెక్కదని క్లాసు మేడమ్ చెప్పారు. ముందు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళమని కూడా చెప్పారు.

వెళ్ళింది. అద్దం వెనక కూర్చున్న గుమస్తా వరుసంతా వినేలా అడిగాడు.

“ఏమ్మా, ఏంటి కంప్లైంట్?”

వెనక దగ్గేవాళ్ళు, తుమ్మేవాళ్ళు, కాలు బెణికి ఒంటికాలి మీద నిలబడ్డ ఆటగాడు. వదిన నోటికి అందిన మాట అనేసింది.

“తలనొప్పండీ.”

మాత్రలిచ్చారు. మళ్ళీ వెళ్ళినప్పుడూ అదే మాట, అవే మాత్రలు.

“అంత చిన్న తలకి ఇన్ని నొప్పులేంటమ్మా!” అన్నాడు గుమస్తా. వరుస గొల్లుమంది.

మందులిచ్చే సిస్టర్ మాత్రం నవ్వలేదు. వణుకుతున్న చెయ్యిని చూసింది. కిటికీలోంచి ముందుకు వంగి, గొంతు తగ్గించింది.

“ఇది తలనొప్పి కాదు కదమ్మా? చీకటి పడ్డాక వెనక వరండాకి రా. మనసు సంగతి చూసే డాక్టరమ్మ ఉంటారు. పేరు అడగరు. ఎవరి కంటా పడవు.”

వెనక వరండా...

లోపల డాక్టరమ్మ ఉంటే ఉండవచ్చు. మరి బయట, బల్ల మీద ఉండేది ఎవరు?

చాలా రోజులు తటపటాయించింది. దెయ్యం చూస్తే ప్రాణం పోతుంది. తెలిసినవాళ్ళు చూస్తే పరువు పోతుంది. రెండింటిలో రెండోదే తనకు పెద్ద భయమని తేలాక, ఒక రాత్రి శాలువా కళ్ళదాకా లాక్కుని బయలుదేరింది. గదిలో ఎవరూ లేరు కనుక ఎక్కడికని అబద్ధం చెప్పవలసిన పని పడలేదు.

ఆరోగ్య కేంద్రం ముందు తలుపులు మూసి ఉన్నాయి. గోడను తడుముకుంటూ వెనక్కి తిరిగింది. ఎండుటాకులు చెప్పుల కింద నలిగినప్పుడల్లా ఆగింది. ఆగినప్పుడల్లా ఇంకెవరో కూడా ఆగినట్టనిపించింది...

వరండా మెట్టు ఎక్కింది.

బల్ల మీద — ఉంది.

తల నుంచి మోకాళ్ళ దాకా ఒకే నలుపు. ముఖం ఉండవలసిన చోట ముఖం లేదు. కదలదు. మెదలదు.

వదిన మెట్టు మీదే ఆగిపోయింది. ఊపిరి అందడం మానేసింది.

ఆ ఆకారం తల ఎత్తింది. ఆమె వైపే చూసింది... చాలాసేపు. తర్వాత మెల్లగా, చప్పుడు లేకుండా, బల్ల మీద పక్కకు జరిగింది. ఖాళీ అయిన చోట అరచేత్తో తట్టింది —

రా... కూర్చో... అన్నట్టు.

అదే క్షణాన లోపల గంట మోగింది.

“దెయ్యం! దెయ్యం!”

ఆ కేక తనదేనని వదినకు మైదానం సగం దాటాక గాని తెలియలేదు. వెనక్కి తిరిగి చూసింది. చీకట్లో వెంట ఎవరూ రాలేదు.

మర్నాడు భోజనాల వేళ విషయం బయటపడింది. అమ్మాయిలంతా చుట్టూ మూగారు.

“అటెందుకు పోయావే అసలు?”

“లైబ్రరీ నుంచి అడ్డదారిన వస్తుంటే...” అని మొదలుపెట్టింది.

మొదలుపెట్టాక ఆగలేదు. వేళ్ళు ఎముకల్లా ఉన్నాయంది. కళ్ళున్న చోట గుంటలున్నాయంది. ఒక్కో మాటకూ పక్కవాళ్ళ చేతులు బిగుసుకుంటుంటే, చూడనివి కూడా చూసినట్టు చెప్పింది. అంతమంది ముందు మాట్లాడుతూ ఊపిరి తడబడకపోవడం ఆ ఏడాదిలో అదే మొదటిసారి. అది గమనించి లోలోపల సంబరపడింది కూడా.

“ఏయ్ రేడియో! నీ దెయ్యాన్ని ఇది ఎత్తుకుపోయిందే!”

ఎదురుగా కూర్చున్న రేడియో కంచంలో మెతుకులు అటూ ఇటూ కదుపుతోంది.

“బాగా చెప్పింది” అని లేచి చెయ్యి కడుక్కుంది.

ఆ తర్వాత రేడియో మూగబోయింది. జలుబంది. తరగతులకు రావడం తగ్గించింది. తల దువ్వుకోవడం కూడా మానేసి, గోడ వైపు తిరిగి పడుకునేది.

“బ్యాటరీ అయిపోయినట్టుంది” అని నవ్వుకున్నారు. గది ప్రశాంతంగా ఉందని వదిన అనుకుంది. ఏమైందని అడగాలని ఆమెకు తోచనే లేదు.

సెమినార్ మళ్ళీ దగ్గర పడింది. వదిన మళ్ళీ తలనొప్పి మాత్రల కిటికీ దగ్గరికి వెళ్ళింది.

“రాలేదేమ్మా?” అంది సిస్టర్.

“వచ్చాను సిస్టర్. కానీ అక్కడ... బల్ల మీద...”

సిస్టర్ ముఖం మారిపోయింది.

“ఆ రాత్రి కేక పెట్టింది నువ్వా?”

వదిన తల ఊపింది. సిస్టర్ ఆమెను పక్కగదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని వదిన ఇప్పటికీ అంటుంది.

“దీపం వద్దన్నది మీరే తల్లీ, మీలాంటి పిల్లలే. పేరు పెట్టి పిలవొద్దన్నారు, గంట పెట్టాం. ఏడ్చిన ముఖాలతో మళ్ళీ అందరి ముందుకి రాలేమన్నారు, అవతలి తోటలోకి ఇంకో తలుపు తెరిచాం. ఇదంతా మీ సిగ్గు కోసమే చేశాం.” తలుపు వైపు ఒకసారి చూసింది. “ఆ బల్ల మీద ఉన్నది బతికున్న పిల్లమ్మా. మా దగ్గరికొచ్చాకే కాస్త నిద్రపోతోంది, కాస్త తింటోంది. నువ్వు దెయ్యమని అరిచిన రాత్రి లోపలికి రాకుండానే వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. డాక్టరమ్మ రోజూ తలుపు తీసి చూస్తున్నారు. పేరు అడగలేదు కదా... ఎక్కడని వెతుకుతాం?”

ఆ పూట వదిన మాత్రలు తీసుకోలేదు. తాను చేసింది ఎంత పనో, భోజనశాలలో తాను అల్లి చెప్పిన మాటలన్నీ ఒక్కటొక్కటిగా గుర్తుకు వచ్చి చెప్పాయి. ఆ విన్నవాళ్ళలో ఆ పిల్ల కూడా కూర్చుని ఉండవచ్చు కదా... అన్న ఆలోచన వచ్చాక ఉండబట్టలేకపోయింది.

చీకటి పడగానే వెళ్ళి ఆ బల్ల మీద కూర్చుంది. గంట మోగింది. లేవలేదు. ఆ అమ్మాయి వచ్చేదాకా తన వంతు తీసుకోకూడదనుకుంది. మర్నాడూ వెళ్ళింది. ఆ మర్నాడూ.

ఎవరూ రాలేదు.

ఒక రాత్రి సన్నగా జల్లు పడుతోంది. వరండా చివర అడుగుల చప్పుడు... ఆగిపోయింది.

ఎవరో ఉన్నారు. తల మీదుగా ముసుగు. ముందుకు రారు. వెనక్కి పోరు.

వదిన నోరు తెరవబోయి ఆగింది. శాలువాలో, చీకట్లో తాను ఎలా కనిపిస్తుందో ఆమెకు తెలుసు. ఒక్క మాట అన్నా ఆ మనిషి పారిపోతుంది.

మెట్టు దగ్గర ఒక కాలు వెనక్కి పడింది.

వదిన లేచి శాలువా తీసేసింది. గోడ మీద స్విచ్ కోసం తడిమి, నొక్కింది. ఆ వెలుగులో, మైదానం అవతలి నుంచి కూడా కనిపించేలా, ముఖం ఎత్తి నిలబడింది.

“నేను దెయ్యాన్ని కాదండీ. నాకు నలుగురిలో ఊపిరి ఆడదు. దానికోసమే వస్తున్నాను. ఆ రోజు అరిచిందీ నేనే. మీరెవరో నాకు తెలీదు, చూడను కూడా. ఇదిగో, కళ్ళు మూసుకున్నాను. దయచేసి లోపలికి వెళ్ళండి.”

రెండు చేతులతో కళ్ళు మూసుకుని బల్ల మీద కూలబడింది.

జల్లు చప్పుడు. తర్వాత అడుగులు... దగ్గరికి... ఇంకా దగ్గరికి. తలుపు చప్పుడు కోసం చెవులు రిక్కించింది. తలుపు తెరుచుకోలేదు. పక్కనే బల్ల కిర్రుమంది.

చెవి దగ్గర చిన్న గుసగుస.

“లైటార్పవే బాబూ... వసతిగృహమంతా చూస్తుంది.”

వదిన చేతులు తీసింది. పక్కన — రేడియో.

దీపం ఆర్పడానికి ఎవరూ లేవలేదు.

“ఆ దెయ్యాన్ని పుట్టించింది నేనేనే” అంది రేడియో, నేల వైపు చూస్తూ. “ఎవరూ ఇటు రాకూడదని. నన్ను చూడకూడదని.”

“అరిచింది నేనని... నీకు అప్పుడే తెలుసా?”

“ఊఁ.”

“మరి మెస్‌లో అంతసేపు వింటూ కూర్చున్నావు. ఒక్క మాట అనలేదేమే?”

“అంటే నువ్విక్కడికి ఎందుకొచ్చావో కూడా చెప్పాలిగా.”

లోపల గంట మోగింది. ఇద్దరూ కదల్లేదు. వదిన అడగలేక అడగలేక ఒక్కటి అడిగింది.

“ఆ రోజు పక్కకి జరిగి, రమ్మని తట్టావు... ఎవరనుకున్నావే?”

రేడియో చాలా నెమ్మదిగా చెప్పింది.

“ఎవరో అనుకోవడమేంటి? ముసుగేసుకుంటే నడక మారుతుందా? నువ్వేనని తెలిసే జరిగాను. అమ్మయ్య, ఇది కూడా వచ్చింది, ఇక నేనొక్కదాన్నే కూర్చోనక్కర్లేదు అనుకున్నాను.”