కాలికి అందని చక్రం

సైకిలు కింద పడి ఉన్న శవాన్ని చూసి అత్తగారు మొట్టమొదట అన్న మాట, "సిగ్గులేని పని."

చచ్చినవాణ్ణి తిడుతోందనుకున్నాడు పక్కనున్న ఇన్‌స్పెక్టరు. "అవునండీ. పొద్దున్నే ఈ సర్కస్సులెందుకు చెప్పండి? వాలులో పట్టు తప్పింది. తలకిందులుగా పడ్డాడు, మెడ విరిగింది. యాక్సిడెంటని రాసేసుకున్నాను కూడా."

"కొట్టేసుకోండి," అంది అత్తగారు.

ఆవిడ ఎవరికీ అత్తగారు కాదు. అసలు పెళ్ళే చేసుకోలేదు. గూఢచారి శాఖలో చేరిన కొత్తలోనే పెద్దాయన రాసిన రిపోర్టులో తప్పులు చూపించిందని ఆ పేరు పెట్టారు. పెట్టినవాళ్ళు రిటైరై వెళ్ళిపోయారు, పేరు మాత్రం ఉండిపోయింది. శాఖలోని మగవాళ్ళందరూ తనని చూసి భయపడుతున్నారని ఆవిడకి తెలుసు. వాళ్ళ పనితనం చూస్తే ఆ మాత్రం భయం చాలదనిపించేది.

ఆ రోజుల్లో సైకిలంటే ముందు చక్రం మనిషంత ఎత్తు, వెనక చక్రం పళ్ళెమంత. పెడళ్ళు ముందు చక్రానికే బిగించి ఉండేవి. కాలు ఒక్కసారి తిరిగితే చక్రమూ ఒక్కసారే తిరుగుతుంది. వేగం కావాలంటే చక్రం పెద్దది కావాలి. అది ఎంత పెద్దదైనా తొక్కేవాడి కాలు పెడల్‌కి అందాలి కదా, అందుకని చొక్కా కుట్టించుకున్నట్టు ఎవరి కాలికి తగ్గ సైకిలు వాళ్ళు కొనుక్కునేవారు. పొడుగు కాళ్ళ షోకిలాలు ఆ ఎత్తు మీద కూర్చుని, కింద నడిచేవాళ్ళని చీమల్లా చూసేవారు.

అత్తగారు చేతిలోని గొడుగుని శవం కాలి పక్కన పెట్టి చూసింది. తర్వాత అదే గొడుగుని సైకిలు సీటు నుంచి పెడల్ దాకా పెట్టింది. జానెడు చాల్లేదు.

"ఈయన పొట్టివాడు. కాలు పెడల్‌కి అందదు. వాలు దాకా ఎలా వచ్చాడండీ, గాలిలో తొక్కుకుంటూనా?"

ఇన్‌స్పెక్టరు పెన్సిలు తీసి, రాసుకున్నది కొట్టేసుకున్నాడు.

"ఎవడో మెడ విరిచి, కొత్త సైకిలు కొని తెచ్చి మీద పడేశాడు. కొనేటప్పుడు అలవాటు కొద్దీ తన కాలికి సరిపోయేదే కొన్నాడు. శవం కాలు కొలవాలని తట్టలేదు. పైగా నికెల్ పూత చూడండి! హత్యకి కూడా షోకే." అత్తగారు గొడుగు ముడిచింది. "పొడుగు కాళ్ళు, పొట్టి బుర్ర. రాసుకోండి."

*

బ్రీఫింగ్ శాఖాధిపతి పెద్దాయన గదిలో. పెద్దాయనకి దేశభద్రత అంటే లక్క. ఫైలుకి లక్క ముద్ర, కిటికీకి లక్క ముద్ర, చివరికి బిస్కట్ల డబ్బాకి కూడా. ముద్రలన్నీ భద్రంగానే ఉండేవి. రహస్యాలే పక్క దేశంలో తేలేవి.

"చనిపోయినవాడు మామూలు మెకానిక్కు కాదు," అన్నాడు పెద్దాయన, గొంతు తగ్గించి. "అతనూ, అతని తమ్ముడూ కలిసి ఒక గేరు తయారుచేశారు. చిన్న చక్రం సైకిలు పెద్ద చక్రంతో సమానంగా పరిగెడుతుందట. మన సైన్యానికి వార్తలు మోసేవాళ్ళు ఇప్పుడు ఎత్తు సైకిళ్ళ మీద వెళుతున్నారు. మైలు దూరం నుంచి కనిపిస్తారు. టార్గెట్ ప్రాక్టీసు కోసం పంపినట్టుంది. ఈ గేరు వస్తే పొదల వెనక నుంచే వెళ్ళిపోవచ్చు. రేపు సాయంత్రం సైనికాధికారుల ముందు ట్రయల్."

"అది గొడుగుల ముఠాకి తెలిసింది," అన్నాడు కిటికీకి ఆనుకుని నిలబడ్డ పెళ్ళికొడుకు.

పెళ్ళికొడుకు శాఖకి ముద్దుబిడ్డ. ఎప్పుడు చూసినా పీటల మీద నుంచి లేచి వచ్చినట్టుండే ఇస్త్రీ, సెంటు, కోటు జేబులో పువ్వు. డబుల్ ఏజెంట్. రేవులో గొడుగుల వ్యాపారం పెట్టుకున్న విదేశీ ముఠాలో చేరి, వాళ్ళ రహస్యాలు మనకి తెస్తున్నాడని పెద్దాయన నమ్మకం. అతను తెచ్చిన రహస్యాల్లో పనికొచ్చింది ఒక్కటీ అత్తగారికి గుర్తులేదు. సెంటు మాత్రం గుర్తుంది.

"పెద్దవాడు పోయాడు. ఇక గేరు తెలిసినవాడు తమ్ముడొక్కడే," అన్నాడు పెద్దాయన. "అత్తగారూ, మీరు అతన్ని కాపాడాలి. ఈ లక్క తీసుకోండి. వర్క్‌షాప్ తలుపుకి సీలు వేయండి. సైన్యం నుంచి వచ్చేవాడు 'వాన వచ్చేలా ఉంది' అంటాడు. మీరు 'గొడుగు తెచ్చుకున్నాను' అనాలి. ఈ కోడ్ మన ముగ్గురికే తెలుసు."

"గొడుగుల ముఠాని పట్టుకోడానికి కోడ్‌లో కూడా గొడుగేనా?"

"అందుకే ఎవరూ ఊహించరు!"

పెళ్ళికొడుకు నవ్వాడు. "అయినా చిన్న చక్రం ఎవరు తొక్కుతారు సార్, పసిపిల్లలు తప్ప?"

అత్తగారు తలెత్తి అతని కాళ్ళకేసి చూసింది. కిటికీ గూటి దాకా ఉన్నాయి. మనసులోనే గొడుగు పెట్టి కొలిచింది. జానెడు తేడా కూడా లేదు.

కాళ్ళు పొడుగున్నవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉంటారు. కొలత ఒక్కటే చూపిస్తే పెద్దాయన నమ్మడు. బయటికి వస్తూ వరండాలో ఆగి, పెళ్ళికొడుకు చెవిలో వేసింది. "నాయనా, పెద్దాయనకి చెప్పకు, కంగారుపడతాడు. గేరు సైకిలుకి బిగించేశారు. రేపు ట్రయల్ దాకా కాపలా ఎవరూ ఉండరు. నాకు పంటినొప్పి, నేనూ ఉండను."

"అయ్యో, మీరు విశ్రాంతి తీసుకోండి అత్తగారూ," అన్నాడు పెళ్ళికొడుకు, తేనె ఒలికిపోతున్నట్టు.

*

తమ్ముణ్ణి ఆ వీధిలో పళ్ళ డాక్టరు అంటారు. గేర్లకి పళ్ళు కోస్తాడు. అత్తగారు వెళ్ళేసరికి అతను బల్ల ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. చేతిలో ఆకురాయి ఉంది, రుద్దడం లేదు. వాలు దిగువకి తెరుచుకున్న తలుపులోంచి, రోడ్డు మీద ఇద్దరు మాట్లాడుకుంటూ పోతున్నది వినిపించింది.

"సైకిళ్ళు చేసేవాడికి సైకిలు తొక్కడం రాదటరా!"

"అందుకే చేసుకుంటూ కూర్చున్నాడు!"

నవ్వుకున్నారు. పళ్ళ డాక్టరు తలుపు వేసి వచ్చాడు.

"విన్నారుగా. పొద్దుటినుంచీ ఇదే. మా అన్నయ్య సైకిలు తొక్కితే దోసిట్లో నీళ్ళు పట్టుకుని వెళ్ళినట్టుండేది. ఇప్పుడు ఊరంతా..."

"మీ అన్నయ్య పడలేదు. పడేశారు," అంది అత్తగారు. కొలత సంగతి చెప్పింది.

అతను చేతిలోని ఆకురాయి బల్ల మీద పెట్టాడు. తర్వాత లేచి, మూల ఉన్న గుడ్డ తొలగించాడు. ముందు చక్రం నడుము దాకా మాత్రమే ఉన్న సైకిలు. చక్రం మధ్యలో గుమ్మడికాయంత హబ్బు. మూత విప్పి చూపించాడు.

"మధ్యలో ఈ చిన్న గేరు. దీని చుట్టూ ఈ నాలుగూ తిరుగుతాయి. పెడల్ వీటిని తిప్పుతుంది. ఇవి చుట్టూ ఉన్న పళ్ళ రింగుని తోస్తాయి. రింగు చక్రానిది. కాలు ఒక్కసారి తిరిగితే చక్రం ఒకటిన్నరసార్లు తిరుగుతుంది. అన్నయ్య ఆలోచన ఇది. పళ్ళు నావి."

"మధ్య గేరు తిరగడం లేదే?"

"అది తిరగకూడదక్కా. అది కదలకుండా ఉంటేనే మిగిలినవి దాన్ని ఆనుకుని చక్రాన్ని తోస్తాయి. అందుకే ఫోర్కుకి ఈ పిన్నుతో బిగించాం." చిటికెనవేలంత ఉక్కు పిన్ను.

"ఇది లేకపోతే?"

"కాళ్ళు గిర్రున తిరుగుతాయి. చక్రానికి ఆ సంగతే తెలీదు."

అత్తగారు చేతిసంచీలోంచి పెద్దాయన ఇచ్చిన లక్క కడ్డీ తీసి, పిన్ను పక్కన పెట్టి చూసింది. ఇంచుమించు అంతే లావు. ఇన్నేళ్ళ సర్వీసులో శాఖవారి సామాను పనికొచ్చేలా ఉండడం ఇదే మొదలు. దొంగ గడ్డాలు ఊడిపోయేవి, కెమెరా గొడుగులు వానకి నానిపోయేవి.

"చూడు తమ్ముడూ. రేపు ఒకడు వస్తాడు. వాణ్ణి ఇక్కడే పట్టుకుంటే వెనకున్న ముఠా రేవు దాటిపోతుంది. సైకిలుతో వెళ్ళనివ్వాలి. వచ్చినవాడు నిన్ను చంపాలనే వస్తాడు. నిన్ను ఎర వేస్తున్నాను. దాపరికం లేదు. వద్దంటే ఇప్పుడే వెళ్ళిపో."

"అన్నయ్యకి తొక్కడం రాదన్న మాట పోతుందా?"

"పోతుంది."

"అయితే వేయండి."

*

మర్నాడు మధ్యాహ్నం సైనికాధికారి దుస్తుల్లో, బొద్దు మీసంతో ఒకతను తలుపు తోసుకుని వచ్చాడు. మీసం కంటే ముందు సెంటు వచ్చింది.

"వాన వచ్చేలా ఉంది," అన్నాడు.

ఎండ పెళపెళలాడుతోంది. పళ్ళ డాక్టరు చెప్పమన్న మాట చెప్పాడు. "గొడుగు తెచ్చుకున్నాను."

మూల తలకి గుడ్డ చుట్టుకున్న ఒక ఆడమనిషి ఇనుప రజను ఊడుస్తోంది. వచ్చినవాడు ఆమెకేసి చూడలేదు. ఊడ్చే మనిషి మొహం చూసేవాడైతే అతను పెళ్ళికొడుకే కాడు.

"సైకిలు బయటపెట్టు. ట్రయల్‌కి తీసుకెళ్ళాలి."

పళ్ళ డాక్టరు సైకిలుని వాకిట్లో వాలు మొగం పెట్టి నిలబెట్టి లోపలికి వచ్చాడు. వచ్చేసరికి పిస్తోలు అతని ఛాతీకేసి చూస్తోంది.

"మీ అన్నకి పాపం పెద్ద కష్టం కలగనివ్వలేదులే," అన్నాడు పెళ్ళికొడుకు. "మెడ సన్నం. నీది కొంచెం లావు, అందుకే ఇది."

చీపురు ఒక్క విసురు విసిరింది. నూనె కలిసిన ఇనుప రజను గుప్పున లేచి పెళ్ళికొడుకు బూట్ల మీదా, తెల్లటి ప్యాంటు మీదా పడింది. చంపబోయేవాడు కూడా బూట్లకేసి చూసుకున్నాడు. గుండు గోడకి తగిలింది. పళ్ళ డాక్టరు బల్ల కిందికి దూరిపోయాడు.

"అత్తగారూ! మీకు పంటినొప్పి కదా!"

"తగ్గింది నాయనా. నీ మీసం ఊడుతోంది, చూసుకో."

పిస్తోలు చప్పుడుకి వీధిలో తలుపులు తెరుచుకుంటున్నాయి. పెళ్ళికొడుకు మరి ఆగలేదు. సైకిలెక్కి వాలులోకి దూకాడు. ఆ పొడుగు కాళ్ళకి ఆ చిన్న సైకిలు మీద చోటెక్కడిది? మోకాళ్ళు చెవులకి తగులుతున్నాయి. మిడత గాడిదనెక్కి ఊరేగుతున్నట్టుంది.

పళ్ళ డాక్టరు వెంట పరిగెత్తాడు. అత్తగారు గొడుగు తీసుకుని రేవుకి అడ్డదారిన నడిచింది. ఇలాంటివాళ్ళ కోసం పరిగెత్తడం ఆవిడకి నామోషీ.

దిగుడంతా కాలు పెట్టి తోయక్కర్లేదు. చక్రం దానంతటదే పరిగెత్తింది. వీధి చివర మలుపు తిరిగితే రేవు వంతెన మీదికి ఎత్తు. వంతెన కింద గొడుగుల ముఠా పడవ పొగ వదులుతోంది. వంతెన మీంచి కిందికి దించిన తాడు నిచ్చెన దగ్గర ఇద్దరు చేతులూపుతున్నారు. ఇంకో పది బారలు వెళితే సైకిలూ, గేరూ దేశం దాటిపోతాయి.

పెళ్ళికొడుకు సీటు మీద నుంచి లేచి, ఒళ్ళు బరువంతా పెడల్ మీద వేసి గట్టిగా తొక్కాడు.

హబ్బు లోపల టప్పుమని చిన్న చప్పుడైంది. ఎర్రటి లక్క పెచ్చులు రోడ్డు మీద రాలాయి.

అతని కాళ్ళు గిర్రున తిరిగాయి. ఇంకా గట్టిగా తొక్కాడు. ఇంకా గిర్రున తిరిగాయి. సైకిలు ఒక్క క్షణం ఆగి, ఆలోచించుకున్నట్టు వెనక్కి జారి, పక్కకి ఒరిగి అతన్ని దించేసింది. లేవబోయేసరికి గొడుగు కొంకి మెడకి తగులుకుంది.

"తొక్కడం రాదు కాబోలు," అంది అత్తగారు, గుమిగూడిన వాళ్ళందరికీ వినిపించేలా.

కింద పడవ తాళ్ళు విప్పేసింది. వాళ్ళవాడు పడిపోతే ఎత్తుకోవడం ఆ ముఠా పద్ధతి కాదు. రేవు ముఖద్వారానికి అడ్డంగా వేసే గొలుసు వంతెన అవతలి చివర కాపలావాడి చేతిలో ఉంది. అత్తగారు అడిగితే, రేవు కాపు కాయమని పెద్దాయన పంపిన మనుషులు వంతెన ఇవతలే నిలబడి, పడవ వెళ్ళిపోతోందని ఒకరికొకరు చూపించుకుంటున్నారు.

పళ్ళ డాక్టరు రొప్పుతూ వచ్చాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, మిగిలిన లక్క ముక్కని వేలితో తోసేసి, జేబులోంచి ఉక్కు పిన్ను తీసి రాయితో ఒక్క దెబ్బ వేశాడు. ఎక్కాడు.

అతను పొట్టివాడు. అన్నయ్య పోలికే. కాళ్ళు పెడళ్ళకి కొలిచినట్టు అందాయి. కాలు ఒకసారి, చక్రం ఒకటిన్నర. వంతెన మీద షికారుకొస్తున్న ఎత్తు సైకిళ్ళ షోకిలాలు ఇద్దరు, తమ నడుముల కిందుగా ఏదో దూసుకుపోతే, అది ఏమిటో పోల్చుకునేలోపల వెనకబడిపోయారు. "గొలుసు వెయ్! గొలుసు!" అన్న కేక అవతలి ఒడ్డున వినిపించింది. గొలుసు లేచిన మరుక్షణం పడవ ముక్కు దానికి కొట్టుకుంది.

ఇవతల జనంలో ఒకడు అన్నాడు, "ఎవరి సైకిల్రా అది?"

"వాళ్ళ అన్నయ్యది," అంది అత్తగారు. "వీడు హత్య చేసినాయనది." గొడుగుతో పెళ్ళికొడుకు మెడని కాస్త ఇటు లాగి, అందరికీ కనిపించేలా తిప్పింది.

*

సాయంత్రం ట్రయల్ చూసి వచ్చిన పెద్దాయన మొహం వెలిగిపోతోంది. పెళ్ళికొడుకు మీద మొదటినుంచీ తనకి అనుమానమేనన్నాడు. అత్తగారు వినలేదు, బిస్కట్ల డబ్బా ముద్రకేసి చూస్తోంది.

"ఒక్క మాటండీ," అన్నాడు పెద్దాయన, ఉన్నట్టుండి మొహం ముడుచుకుని. "వర్క్‌షాప్ తలుపు చూశాను. సీలు లేదు. లక్క ఇచ్చాను కదా, వేయలేదా?"

"వేశానండీ. తలుపుకి కాదు."

"మరి ఆ ముద్ర ఏమైంది?"

"విరిగిందండీ." అత్తగారు గొడుగు అందుకుని లేచింది. "ఇన్నేళ్ళలో మన శాఖ లక్క సమయానికి విరిగింది ఇదొక్కసారే. రిపోర్టులో మీ ప్రతిభేనని రాసుకోండి."