ఆకు తెంపనివ్వని ఇల్లు

ఆ వీధి చివరి ఖాళీ ఇంటికి మంచి పేరు లేదు. చలి ఇంకా పూర్తిగా పోకముందే, చెట్లన్నీ మోడులుగా ఉన్నప్పుడే, దాని గోడ మీది తీగ ఒక్కటే నిండుగా చిగురు వేస్తుంది. నీళ్లు పోసే దిక్కు లేదు. తీగను పెంచిన ముసలావిడ పోయి చాలా ఏళ్లయింది... పోయినా ఆకు తెంపనివ్వదట. ఇటునుంచి మనం లాగితే, అటునుంచి తనూ లాగుతుందట.

అదే వీధిలో ఉండే టైలరమ్మ ఇవన్నీ నమ్మదు. అసలు ఆవిడ దేన్నీ నమ్మదు. చిక్కటి పాలు పోస్తే ఏం కలిపారో అంటుంది, నీళ్ల పాలు పోస్తే సరే సరి. ఈమధ్య మొగుడి మీద కూడా అనుమానం పట్టుకుంది. బస్సు డ్రైవరు, వారం నుంచీ డ్యూటీ దిగినా వేళకు ఇల్లు చేరడం లేదు. వచ్చేటప్పుడు చేతుల నిండా గీరుకుపోయిన గుర్తులు.

అడుగుదామంటే ఇద్దరి మధ్యా మాటలెక్కడివి? చలికాలం మొదట్లో పిల్ల వానలో తడిసింది, జ్వరం ఊపిరితిత్తులకు పాకి ఆస్పత్రి పాలైంది. "అంతా నీ వల్లే" అన్నాడాయన, ఒక్కసారే. ఆ మాట ఆవిడ గుండెలో ములుకులా ఉండిపోయింది.

రేపు పిల్ల ఇంటికొస్తోంది. "అమ్మా, గది నిండా పచ్చటి ఆకులు పెడతావా? ఇక్కడ చూస్తే అన్నీ తెల్లగోడలే" అని అడిగింది. తల్లి సరేనంది. ఊరంతా గాలిస్తే దొరికినవి ఎండుకొమ్మలే.

అందుకే చీకటి పడగానే కత్తెర సంచిలో వేసుకుని, ఆ ఇంటి వెనక తలుపు తోసింది.

ముందుగదిలో... పగిలిన కిటికీ అద్దంలోంచి తీగ లోపలికి పాకి, గోడ మీది నిలువుటద్దం చుట్టూ, గుమ్మం చుట్టూ ఎవరో కూర్చుని అలంకరించినట్టు అల్లుకుంది. ఎవరో ఉంటున్నారిక్కడ, దెయ్యం పేరు చెప్పి అద్దె ఎగ్గొడుతున్నారు — అనుకుంది టైలరమ్మ.

లేత తీగ ఒకటి పట్టుకుని లాగింది.

అటునుంచి... ఎవరో లాగారు.

ఆవిడ పైప్రాణాలు పైనే పోయాయి. వదలాలన్నా చేతులు రావడం లేదు. మళ్లీ లాగారు — ఈసారి గట్టిగా. అప్పుడు కిటికీ అవతల నుంచి ఒక గుసగుస.

"వదులమ్మా తల్లీ... రేపు మా పిల్ల ఇంటికొస్తోంది. ఆకులు కావాలంది. వారం నుంచీ వస్తున్నా, ముళ్లకంచెలో చెయ్యి పెట్టి, భయమేసి వెనక్కి పోతున్నా. ఇవాళ మాత్రం పోలేను."

మొగుడి గొంతే!

ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. పిలవబోయి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మెల్లిగా తీగ వదిలేసింది. కాసేపు కత్తెర చప్పుడు... తరవాత దూరమవుతున్న అడుగులు.

ఆవిడ ఖాళీ సంచితో, చుట్టు తిరిగి, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చింది. ఆయన అప్పటికే పిల్ల మంచం చుట్టూ తీగ చుడుతున్నాడు. పొద్దున ఎండిన చెట్టులా ఉన్న గది ఇప్పుడు కళకళలాడుతోంది.

"ఎక్కడివి?" అంది ఆవిడ, ఓ కొస అందుకుంటూ.

"ఆ ఇంటివి. నవ్వకు... ఆవిడే ఇచ్చింది. ముందు లాగింది, బతిమాలితే వదిలేసింది."

టైలరమ్మ పెదవి కొరికి నవ్వాపుకుంది. "ఊరికే ఇచ్చిందా?"

ఆయన చేతులు ఆగిపోయాయి. ఎన్ని నెలల తరవాతో పెళ్లాం మొహంలోకి చూశాడు.

"చివాట్లు పెట్టింది... సరిగ్గా నా చెవిలో. 'పిల్లకి జబ్బు చేస్తే తల్లినంటావేంరా? అది లోపల్లోపల కుమిలిపోతోంది, పోయి మాట్లాడు' అంది. నాదే తప్పు, నిన్నలా అనకుండా ఉండాల్సింది."

ఆవిడకి కళ్లనీళ్లు తిరిగాయి. ఆ తరవాత గానీ ఒళ్లు జలదరించలేదు.

ఆ ఇంట్లో ఉన్నంతసేపూ, తను నోరు విప్పనే లేదు.